కంబళి కింద వీరుడు

పోలీసు జీపు కదిలిందో లేదో, దుమ్ము రేపుకుంటూ వచ్చిన పాత తెల్ల మారుతి దానికి అడ్డంగా ఆగింది. జీపు డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. వెనక ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ల మధ్య కూర్చున్న గంగాదేవి ముందుకు తూలి, ఇనుప కడ్డీ పట్టుకుని నిలదొక్కుకుంది.

ప్రసూన కారు దిగి, తలుపు వేయడం కూడా మరిచి, నేరుగా జీపు దగ్గరికి నడిచింది.

"ఆపండి సార్. ఈమెను ఏ నేరం మీద తీసుకెళ్తున్నారు?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వెంకటరాముడు ముందు సీట్లోంచి తాపీగా దిగాడు. టోపీ సర్దుకున్నాడు. నవ్వాడు. ఆ నవ్వు ప్రసూనకు కొత్త కాదు. ఒకప్పుడు ఆయన కింద సబ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, ఆయనతో పడక ఉద్యోగం మొహాన కొట్టి వచ్చేసిన మనిషి ఆమె. ఇప్పుడు అనంతపురంలో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది.

"రా మేడమ్, రా. ఉద్యోగం వదిలేసినావు గానీ బండ్లకు అడ్డం పడే అలవాటు మాత్రం వదల్లేదు."

"ముందు జీపెక్కించి తర్వాత విచారించే అలవాటు మీరు వదిలారా సార్?"

చుట్టూ మూగిన జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటరాముడు అటు చూసేసరికి ఆ నవ్వు ఏ తువ్వాలు కిందకో పోయింది.

జనాన్ని తోసుకుంటూ సరళ పరుగెత్తుకొచ్చింది. అనంతపురంలో నర్సుగా చేస్తోంది. పొద్దున్నే ప్రసూనకు ఫోన్ చేసి, ఏడుస్తూనే దారి చెప్పిన పిల్ల.

"అక్కా, వచ్చినావా! మా వదిన ఏం చేయలేదక్కా. మా అన్న రాయిని పగలగొట్టిందంట! వీళ్లు ఎవురేం చెప్తే అది నమ్ముతాండారు."

సరళ అన్న లాన్స్ నాయక్ జయరాం. కుందుర్పి మండలంలో ఎర్రదొడ్డిపల్లె అనే ఈ గొర్రెలకాపరుల ఊరినుంచి సైన్యంలో చేరినవాడు. పోయినేడాది కార్గిల్ యుద్ధంలో ఒక కొండమీద కనిపించకుండా పోయాడు. శవం దొరకలేదు. సైన్యం పంపిన తంతిలో ఉన్నది 'ఆచూకీ లేదు' అన్న మాట ఒక్కటే. ఆ మాటను పట్టుకునే అతని భార్య గంగాదేవి ఏడాదిగా బతుకుతోంది. బొట్టు తీయలేదు. గాజులు తీయలేదు.

ఊరు మాత్రం అంతకాలం ఆగలేకపోయింది. పోరులో పోయినవాడికి వీరగల్లు నిలపడం ఆ ఊళ్లో తాతల నాటి ఆచారం. ఊరి మొగదల అలాంటి పాతరాళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పైన వీరుడి రూపం, కింద అతను చేసిన పని చెక్కి ఉంటాయి. వాటి వరసలోనే జయరాం రాయిని నిన్న సాయంత్రం సిమెంటు దిమ్మె మీద నిలిపారు. ఈ మధ్యాహ్నం మంత్రి వచ్చి దాన్ని తెరవాలి.

తెల్లారి చూస్తే రాతిలో జయరాం మొహం లేదు.

"సాక్ష్యం చూస్తావా మేడమ్?" వెంకటరాముడు సైగ చేశాడు. కానిస్టేబులు గోనెగుడ్డలో చుట్టిన సమ్మెట ఒకటి తెచ్చి విప్పాడు. "ఈమె పశువుల కొట్టంలో గడ్డి కింద దొరికింది. రాతిపొడి ఇంకా అంటుకునే ఉండాది. పోయిన వారం రచ్చకట్ట కాడ ఊరంతా వింటుండగా ఈమె ఏమనిందో తెలుసా? 'నా మొగుణ్ని రాయి చేస్తే ఆ రాయిని పగలగొడతా' అనింది. ఇంకేం కావల్ల నీకు?"

ప్రసూన జీపు వెనక్కి వెళ్లింది. "అన్నావా గంగా?"

"అంటి. ఎందుకనను?" గంగాదేవి కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు. "సచ్చినోళ్లకు నిలిపే రాయి అది. ఎవురు చూసినారక్కా నా మొగుడు సచ్చింది? నేను పగలగొట్టింటే ఆడనే నిలబడి, ఔనప్పా నేనే పగలగొట్టినా, ఏం చేసుకుంటారో చేసుకోండని చెప్పింటా. గడ్డి కింద సమ్మెట దాచే రకమా నేను?"

"రాత్రి ఎక్కడున్నావు?"

"ఇంట్లో. నిన్న పొద్దున్నుంచి తలుపేసుకోనే ఉన్నా. రాయి దించేది చూడలేదు, నిలిపేది చూడలేదు. చూడనని ఒట్టు పెట్టుకుంటి."

ప్రసూన వెనక్కి తిరిగింది.

"మంత్రి వచ్చేదాకా ఆగండి సార్."

"ఎందుకాగల్ల?"

"మంత్రి వెంట అనంతపురం నుంచి పేపరు వాళ్లు వస్తారు. యుద్ధంలో కనిపించకుండా పోయిన జవాను భార్య మీ జీపులో ఉన్న ఫోటో రేపు పేపర్లో మొదటి పేజీలో పడుతుంది. అప్పుడు ఆమె చెప్పింది నిజమని తేలితే, మీరు ఏ అడవిలో డ్యూటీ చేస్తారో మీకే తెలుసు."

వెంకటరాముడు మీసం మీద వేలు పెట్టి ఒక నిమిషం ఆలోచించాడు. మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు.

"సరే. మంత్రిగారి కారు ఊరి పొలిమేరలో కనపడేదాకా టైమిస్తాన్నా. ఆ తర్వాత నీ మారుతి అడ్డం పెట్టినా ఎక్కించుకోని పోతా."

అప్పుడే కుందుర్పి వైపు నుంచి ఒక జీపు వచ్చి ఆగింది. జనం గబగబా దారి ఇచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, రొమ్ము మీద రంగుల పట్టీలు, చేతిలో కర్ర. ఎడమకాలు ఈడుస్తూ దిగాడు కుళ్లాయప్ప. వెంకటరాముడు సెల్యూట్ కొట్టాడు.

కుళ్లాయప్ప ఎవరో ప్రసూనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. జిల్లాలో జెండా పండగ జరిగే ప్రతి బడికీ తెలుసు. జయరాంతో ఒకే కంపెనీలో, ఒకే కొండమీద పోరాడినవాడు. గాయపడిన జయరాంను వీపు మీద వేసుకుని దిగుతుంటే గుండు వచ్చి పడి తన కాలు విరిగిందనీ, జయరాం మంచులోకి జారిపోయాడనీ ఆయన చెప్తుంటే ఏడవని మనిషి లేడు. రాయి కమిటీకి ఆయనే పెద్ద.

రాయి చుట్టూ పోలీసులు మోకు కట్టి ఉంచారు. కుళ్లాయప్ప ఆ మోకు దగ్గరే నిలబడిపోయాడు. మొండిరాయి వంక చూసి గుండె మీద చేయి వేసుకున్నాడు.

"అయ్యో జయరామా! నిద్రపోతాండే బిడ్డ మాదిరి ఉన్న మొగమే... దాని మీద సమ్మెట ఎత్తనీకె చేయి ఎట్ల వచ్చిందప్పా!"

ముసలామె ఒకతె గొల్లుమంది. ఆమెను చూసి మరో ఇద్దరు అందుకున్నారు.

"రాత్రి మీరు ఊళ్లో లేరా?" ప్రసూన అడిగింది.

"లేను మేడమ్. రాయి నిలిపినాక పొద్దు మునిగేటప్పటికి కుందుర్పికి పోయినా. మంత్రిగారి ఏర్పాట్లు చూడల్ల గదా. ఇప్పుడే వస్తాండా." ఆయన జీపులో ఉన్న గంగాదేవిని చూసి నిట్టూర్చాడు. వెంకటరాముడి భుజం మీద చేయి వేశాడు. "విడిసిపెట్టండి సార్. మొగుడు పోయిన ఆడది. మతి తప్పి చేసింటాది. కేసు వద్దు, నేను జెప్తాండా గదా. మంత్రిగారికి నేను సర్ది చెప్పుకుంటా."

"మతి తప్పింది నాకు గాదు!" గంగాదేవి జీపులోంచే అరిచింది. "మొగుడు పోయినాడని నా ముందర ఇంగొకసారి అను, చూస్తా!"

"పాపం," అన్నాడు కుళ్లాయప్ప. జనం కూడా పాపం అన్నారు.

ప్రసూన మోకు కిందుగా వంగి లోపలికి వెళ్లింది.

*

రాయి నిలువెత్తు నల్లరాయి. పై అంతస్తులో యూనిఫారం, తుపాకీ, నడుముకు బెల్టు అన్నీ శిల్పి చేతి నునుపుతో అలాగే ఉన్నాయి. మెడపైన మాత్రం గరుకు గుంత ఒకటి మిగిలింది. మొహం పిండి పిండి అయిపోయింది. ముక్కు ఏదో చెవి ఏదో చెప్పగలిగే పెళ్ల ఒక్కటీ మిగల్లేదు.

నిలిపిన రాయిని పూజ దాకా గొర్రె ఉన్ని కంబళి కప్పి ఉంచుతారు. శిల్పి దొడ్లోంచి లారీ ఎక్కేటప్పుడు కప్పిన కంబళి అది. పూజకు ముందు దాన్ని ఎవరూ ఎత్తి చూడకూడదు. ఇప్పుడది పక్కన పడి ఉంది. ప్రసూన దాన్ని చేతిలోకి తీసుకుని అంచులు చూసింది. ఎక్కడా చిరగలేదు. తాళ్లు తెగలేదు. ముడులన్నీ ఓపిగ్గా విప్పి ఉన్నాయి.

'కోపంతో వచ్చిన మనిషి ముడులు విప్పుతూ కూర్చోడు,' అనుకుంది. 'చూడాలని వచ్చినవాడు విప్పుతాడు.'

మోకాళ్ల మీద కూర్చుని కింది అంతస్తు చూసింది. ఒక మనిషి కొండ దిగుతున్నాడు. అతని భుజాల మీద అడ్డంగా ఇంకో మనిషి. మోసేవాడు పెద్దగా, మోయబడేవాడు చిన్నగా చెక్కి ఉన్నారు. జారిపోకుండా భుజాల మీది మనిషి కాలూ చేతులూ మోసేవాడి రొమ్ము ముందుకు తెచ్చి, ఒక గుడ్డతో కట్టి ఉన్నాయి. మోసేవాడి రెండు చేతులూ రాళ్లను పట్టుకోవడానికి ఖాళీగా ఉన్నాయి. బొమ్మ చిన్నది కాబట్టి ఇద్దరికీ మొహాల్లో పోలికలు లేవు.

సమ్మెట దెబ్బ ఒక్కటీ ఇక్కడ తగల్లేదు. కానీ భుజాల మీది మనిషికి ఎడమకాలు లేదు. విరగలేదు, సన్నని ఉలితో చెక్కేశారు. తుపాకీ అలాగే ఉంది, చేతులు అలాగే ఉన్నాయి. ఆ ఒక్క కాలు మాత్రం తొడ దగ్గర నుంచి నున్నగా లేచిపోయింది.

పైన అంత పెద్ద మొహాన్ని పిండి చేసినవాడికి, కింద వేలెడంత కాలితో ఏం పని?

ఆమె దిమ్మె మీదికి వంగింది. దిమ్మె అంతా మొహం తాలూకు ముతక నలుసులు పరుచుకుని ఉన్నాయి. చేతి రుమాలుతో ఒక మూల మెల్లగా పక్కకు నెట్టింది. కింద సిమెంటులో సన్నటి, పలచటి రాతిపొట్టు. గోరుతో గీకితే రాలేదు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే పడి అతుక్కుపోయింది. ఇంకొంచెం నెట్టింది. పొట్టు మధ్యలో ఏదో గుండ్రంగా, లోతుగా కనిపించింది.

ప్రసూన చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత నలుసులను మళ్లీ దాని మీదికే జరిపి లేచి నిలబడింది.

"ఏం మేడమ్, దొంగోడు అడ్రసు రాసిపెట్టి పోయినాడా?" మోకు అవతల నుంచి వెంకటరాముడు కేకేశాడు.

"రాశాడు సార్. చదవడానికి కొంచెం టైం పడుతుంది. అందాకా ఈ దిమ్మెను ఎవరూ ముట్టుకోకుండా మీ కానిస్టేబుల్ని ఇక్కడే నిలబెట్టండి."

*

జయరాం తల్లి నల్లమ్మ సభ కోసం వేసిన పందిరి కింద ఒంటరిగా కూర్చుని ఉంది. ఎదురుగా ఖాళీ కుర్చీల వరసలు. ఆమె చేతిలో కదురు తిరుగుతూనే ఉంది. గొర్రె ఉన్ని సన్నటి దారమై దిగుతోంది. రాయికి కప్పిన కంబళి ఉన్ని కూడా ఆమె వడికిందేనని సరళ చెప్పింది.

"దిమ్మె సిమెంటు రాత్రి బాగా పచ్చిగా ఉన్నట్టుందే అవ్వా," అంటూ ప్రసూన నేల మీద కూర్చుంది.

"నేనే నీళ్లు పోస్తిని. ట్యాంకరు రాలేదు నిన్న. తాగనీకె పెట్టుకున్న కడవ ఉంటే, దీపాలు పెట్టేయాళకు పోయి దిమ్మెకు పోస్తిని. రాయి గట్టిగా నిలబడల్ల గదా."

"కింది బొమ్మలో మోసేది ఎవరు, మోయబడేది ఎవరు?"

కదురు ఆగింది.

"రాయి మీద పెద్దగా ఉండేటోడే వీరుడు తల్లీ. ఇది ఈ ఊర్లో పసిపిల్లోనికీ తెలుసు."

"అంటే మోసింది జయరాం. ఊరంతా చెప్పుకునేది వేరేగా ఉందే?"

నల్లమ్మ కదురు ఒళ్లో పెట్టుకుంది.

"ఉగాది ముందర బసప్పని, చిత్రదుర్గం కాడ ఊరంట, ఒక జవాను నన్ను ఎతుక్కుంటా వచ్చినాడు. నా కొడుకు దండులోనోడే. కొండ కింద బండల చాటున ఉన్నాడంట ఆ పొద్దు. పైనుంచి గుండ్లు వాన మాదిరి పడతాంటే నా కొడుకు ఒక మనిషిని భుజాల మీద ఏసుకోని దిగి వచ్చినాడంట. రొమ్ము మీద మఫ్లరుతో ముడేసి. అట్ల మోసేది మనుసుల్నా, గొర్రెల్నా అని అడిగినాడు నన్ను బసప్ప." ముడతల మొహంలో ఒక్క క్షణం నవ్వు మెరిసింది. "గొర్రెల్నే. కాలు ఇరిగిన గొర్రెను మేమట్లనే మోస్తాం. చేతులు ఖాళీగా ఉంటే రాళ్లు పట్టుకోని ఎంత కొండైనా దిగొచ్చు. వానికి నేనే నేర్పిస్తి."

"తర్వాత?"

"దించినాడంట. ముడి విప్పి ఆ మనిషి కాలికి కట్టు కట్టినాడంట. బసప్ప నీళ్లిస్తే తాగలేదంట నా కొడుకు. పైన ఇంగా ఒక పిల్లోడు ఉండాడు అన్నా, వాడు అమ్మా అని అరుస్తాండాడు అని చెప్పి మళ్లీ ఎక్కినాడంట. పోవద్దు జయరాం అని బసప్ప చొక్కా పట్టుకుంటే, 'మందలో ఒకటి తక్కువైతే మా యమ్మ ఇంట్లోకి రానీదన్నా' అని నవ్వినాడంట." ఆమె ఒళ్లోని కదురును ఒకసారి తిప్పింది. "అట్ల ఎక్కినోడు ఎక్కినట్లే పోయినాడు."

పందిరి గుడ్డ గాలికి టపటపలాడింది. ప్రసూన పదేళ్ల పోలీసు ఉద్యోగంలో ధైర్యవంతుల్ని చాలామందినే చూసింది. ఒకసారి బతికి కిందికి వచ్చాక, మళ్లీ తెలిసి తెలిసి పైకి ఎక్కినవాణ్ని మాత్రం వినడం ఇదే మొదలు.

"మోసుకొచ్చింది ఎవరిని? బసప్ప పేరు చెప్పలేదా?"

"చెప్పినాడు. నన్నడగద్దు తల్లీ."

"అతను ఏడాదిగా కథను తిరగేసి చెప్పుకుంటున్నా?"

"చెప్పుకోనీలే అనుకుంటి. వాడు బతికుండాడంటే నా కొడుకు చేసిన పని బతికుండాది. వాని పరువు తీస్తే నా కొడుకు మోసింది దండగైపోతాది. అందుకే శిల్పి వీరప్పకు మొగాలు వద్దంటి. ఎడమకాలికి కట్టు మాత్రం పెట్టు, తెలిసినోనికి తెలిస్తే చాలంటి."

ప్రసూన మెదడులో ఒక తలుపు తెరుచుకుంది. కట్టు కట్టిన ఎడమకాలు. చెక్కేసింది సరిగ్గా దాన్నే. ఇంకొక్క ముడి మిగిలింది.

"అవ్వా, పైన మొహం ఎట్లా ఉండింది? పోలిక కుదిరిందా?"

నల్లమ్మ చుట్టూ చూసింది. వక్కాకుల సంచి విప్పి, గుడ్డలో చుట్టిన సన్నటి ఉలి ఒకటి బయటికి తీసింది. దాని మొన మీద ఇంకా కొత్త మెరుపు పోలేదు.

"ఏ బొమ్మకైనా కండ్లు ఆఖర్న తెరుస్తారు గదా. నా కొడుకు బొమ్మకు తెరవనీలేదు నేను. రెప్పలు మూసుకోని ఉన్నట్లే చెక్కించినా. సచ్చినాడని నిర్ధారణైనోనికే కండ్లు తెరవల్ల. వాడొచ్చినాక వాని చేతికే ఈ ఉలి ఇస్తా, తెరుచుకోరా అని."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు, వీరప్పకు. కమిటీకి తెలిస్తే కండ్లు లేని బొమ్మ మంత్రి ముందర యాడ నిలుపుతామంటారు. పూజ కాడ అందరి ముందర నేనే చెప్పల్లని ఉంటి. గంగకు గూడా చెప్పలేదు."

ప్రసూన చటుక్కున లేచి నిలబడింది. దూరంగా, రోడ్డు మీద, ఎర్రదుమ్ము లేస్తోంది.

*

"టైం అయిపోయె మేడమ్," వెంకటరాముడు దుమ్ము వైపు చూపించాడు. "మంత్రిగారొస్తాండారు. జీపుకు అడ్డం తీయి."

"తీస్తాను. ముందు మీ కమిటీ పెద్దను ఒక్క మాట అడగనివ్వండి." ప్రసూన గొంతు పెంచింది. జనం దగ్గరికి జరిగారు. "కుళ్లాయప్పగారూ, రాతి మీద జయరాం మొహం నిద్రపోతున్న బిడ్డలా ఉందన్నారు. ఎప్పుడు చూశారు?"

ఆయన కనురెప్ప కూడా కదల్లేదు. "చూడలేదు మేడమ్. చూడగూడదు గదా. ఏదో బాధలో మాటవరసకు అంటి."

"బొమ్మంటే కళ్లు తెరుచుకునే ఉంటుంది. మీరు వెళ్లే బడుల్లో పెట్టిన విగ్రహాలన్నీ కళ్లు తెరిచినవే. ఈ ఊళ్లో అందరూ అలాగే అనుకున్నారు. ఇక్కడ ఒక్క మనిషికి మాత్రం నిద్రపోతున్న బిడ్డ గుర్తొచ్చింది." ఆమె తన వెంట వచ్చిన నల్లమ్మ చేతిలోంచి ఉలి అందుకుని పైకెత్తి చూపించింది. "ఎందుకంటే ఈ బొమ్మకు కళ్లు తెరవలేదు. కొడుకు తిరిగొచ్చి తెరుచుకుంటాడని ఈ తల్లి తెరవనివ్వలేదు. ఈ తల్లి రాయిని నిలిపింది చచ్చినవాడి కోసం కాదు."

జీపులోంచి ఒక్క అరుపు వినిపించింది. గంగాదేవి కానిస్టేబుళ్లను విదిలించుకుని కిందికి దూకింది. ఎవరూ ఆపలేదు.

"అత్తా!" నల్లమ్మ కాళ్ల దగ్గర కూలబడిపోయింది. ఏడాదిగా రాని ఏడుపు అంతా ఒక్కసారి వచ్చింది. "ఒక్క మాట... నాకొక్క మాట చెప్పింటే... ఆ రాయికి నేనే నీళ్లు పోసింటి గదత్తా!"

నల్లమ్మ కోడలి తల మీద చేయి వేసింది.

వెంకటరాముడు గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులో ఇందాకటి వెటకారం లేదు. "మాటవరస మీద కేసు నిలబడదు మేడమ్."

"సిమెంటు మీద నిలబడుతుంది. ఇలా రండి."

ఆమె మోకు ఎత్తి ఆయన్ను లోపలికి తీసుకెళ్లింది. దిమ్మె మీది నలుసులను రుమాలుతో తుడిచింది. సిమెంటులో గుండ్రటి అచ్చు, మధ్యలో వంకర కోత.

"మీరే చెప్పండి సార్. ఇదేమిటి?"

"కర్ర గుర్తు. కింద రబ్బరు బుష్షు ఉండే కర్ర."

కాపరుల ఊళ్లో కర్ర లేని మగవాడు లేడు. కానీ అవన్నీ ఒట్టి వెదురు కర్రలు. అందరి కళ్లూ ఒక్క చోటికే తిరిగాయి.

కుళ్లాయప్ప నవ్వాడు. "నిన్న రాయి నిలిపేటప్పుడు నేను ఆడనే ఉంటి గదప్పా. కర్ర ఆనించింటా. అదొక తప్పా?"

"మంచి ప్రశ్న," అంది ప్రసూన. "సార్, ఆ అచ్చు అడుగున ఏముందో చూడండి."

వెంకటరాముడు వంగి, జేబులోంచి పెన్ను తీసి గుచ్చాడు. తల ఎత్తినప్పుడు ఆయన మొహం మారిపోయింది.

"రాతిపొట్టు. కర్ర తొక్కుడుకు సిమెంటులోకి దిగబడిపోయింది."

"కింది బొమ్మలో కాలు చెక్కితే రాలిన పొట్టు. దాని మీద కర్ర గుర్తు. ఆ గుర్తు మీద మొహం తాలూకు నలుసులు. అంటే ముందు కాలు పోయింది. అప్పుడు ఈ కర్ర మీద బరువు వేసి మనిషి పైకి లేచాడు. ఆ తర్వాతే మొహం పోయింది. మొహం పగలగొట్టింది కాలు లేని సంగతి ఎవరి కంటా పడకుండా ఉండడానికి. నేరం గంగ మీదకి పోవడానికి సమ్మెటను ఆమె కొట్టంలో పెట్టారు. ఆమె రచ్చకట్ట దగ్గర అన్న మాట అందుకు పనికొచ్చింది."

ఎవరూ చెప్పకుండానే వెంకటరాముడు వెళ్లి కుళ్లాయప్ప ముందు చేయి చాపాడు. "కర్ర ఇయ్యి."

"సార్, నేనెవురో మరిచిపోయినారా..."

"కర్ర ఇయ్యప్పా."

వెంకటరాముడే దాన్ని తెచ్చి అచ్చులో పెట్టాడు. బుష్షు మీది కోత సిమెంటులో వంకరకు సరిగ్గా కూర్చుంది. వెంకటరాముడు నిటారుగా నిలబడ్డాడు.

"ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు మేడమ్. ఎవురిదో రాతికాలు తీసేయనీకె ఇంత రాద్ధాంతమెందుకు? ఎవురిది ఆ కాలు?"

"అది చెప్పాల్సింది నేను కాదు సార్."

ప్రసూన నల్లమ్మ వైపు తిరిగింది. మంత్రి కార్ల హారన్లు ఊరి దగ్గరికి వచ్చేశాయి. కుళ్లాయప్ప కర్ర లేకుండా, కుడికాలి మీద బరువంతా వేసి నిలబడి ఉన్నాడు. ముసలామె కళ్లలోకి చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. అడుక్కోవడం ఉంది. ఏడాదిగా ఆమె తనను ఊళ్లో తలెత్తుకుని తిరగనిచ్చిన సంగతి ఆ క్షణంలోనే అతనికి తెలిసినట్టుంది.

నల్లమ్మ కోడలి చేయి పట్టుకుని లేచింది. రాయి దగ్గరికి నడిచింది. కింది బొమ్మలో కొడుకు భుజాల మీద చేయి పెట్టి, అక్కడున్న మనిషిని వేళ్లతో తడిమింది. కాలు ఉండాల్సిన చోట ఆమె వేలు ఆగింది.

"బతికినాడు గదా, బతకనీ అనుకుంటి. నా కొడుకు మోసినాడు గదా అని నేను గూడా మోస్తి, ఇన్ని దినాలు." ఆమె గంగాదేవి చేతిని గట్టిగా పట్టుకుంది. "నా కోడలి మీద పడేసి పోతానంటే ఇంగ మోయలేను."

ఆమె తిరిగి, జనమంతా వినేట్టు, మెల్లగా చెప్పింది.

"నా కొడుకు ఆ కొండమీంచి దించింది వీన్నే. నా కొడుకును ఈడ పగలగొట్టింది వీడే. కుళ్లాయప్ప."